గుంట లోతుకి

మా లోయలో చదును నేల తక్కువ.
అందుకే కొండవాలుకి ఆనించి
వర్క్‌షాపు నెత్తిన వర్క్‌షాపు కట్టుకున్నారు మావాళ్లు.
బాలెండిన్ లేత్ ఉండేది మూడో అంతస్తులో,
రెండు టన్నుల మూడొందల కిలోలు.
దాని కింద ఒక బేకరీ,
పైన ఎవరివో ఆరేసిన దుప్పట్లు.

బిల్డింగు కూల్చేస్తున్నారు.
తుక్కువాడొచ్చి కిలోకి ఇంతని చీటీ రాసిపోయాడు.
దాన్ని నాలుగు మడతలు పెట్టి
ఊగే టేబులు కాలి కింద దూర్చి
బాలెండిన్ నాకు ఫోన్ చేశాడు:
"గర్బిన్యే, నీ దగ్గర పైపులెన్నున్నాయి?"

ఆరు పైపులు, రెండు గునపాలు, ఒక గొలుసు కప్పీ,
మా బావ ఎనెట్స్, డకార్ నుంచొచ్చిన బాబకర్.
ముందు టెయిల్‌స్టాక్‌ని చివరికంటా తోశాం.
తలబరువు జాతి ఇది,
ఏమరితే ముక్కు మీద పడుతుంది.
గునపంతో వేలెడెత్తు లేపు. పైపు దూర్చు.
వెనకపైపు బయటపడగానే ముందుకి పరిగెత్తు.
చెయ్యి కింద పెట్టకు.
చెయ్యి కింద పెట్టకన్నానా!
పదకొండు మీటర్లకి మూడు గంటలు పట్టింది.

అది లేచిన చోట
నూనె తాగి తాగి నల్లబడ్డ చెక్క,
చెక్క సందులో సైకిల్ బెల్లు స్క్రూ ఒకటి,
మూడు చెర్రీ గింజలు.
"పనిలో చెర్రీలు తినేవాడివా?"
"నేను కాదు," అన్నాడు.
ఎవరో చెప్పలేదు.

కిటికీ, దాని చుట్టూ గోడా ఊడదీశాం.
తుంపర పడుతోంది, మావైపు సిరిమిరి అంటాం,
గొడుగుకి తక్కువ, కోటుకి ఎక్కువ.
క్రేన్ కొక్కేనికి వేలాడుతూ
లేత్ తనంతట తనే అటు తిరిగింది,
వీధినంతా ఒకసారి చూసుకున్నట్టు.
బేకరీ ఆవిడ పిండి చేతులతో బయటికొచ్చింది.
"నలభై ఏళ్లు నా కప్పుని వణికించింది ఇదా?
ఇంత చిన్నదా?"

టేబులు అక్కడే వదిలేశాం.

మా షెడ్డులో దాన్ని నిలబెట్టి
వారం రోజులు ముట్టుకోలేదు.
ఇనుము సర్దుకోవాలి.
తర్వాత పొడవాటి బద్దకి నీలిరంగు పూసి
బెడ్ మీద రుద్ది చూశాను.
చక్ ముందు జానెడు మేర నీలం అంటలేదు.
గుంట.
మిల్లీమీటరులో నూరో వంతులు ఎనిమిది,
ఒక వెంట్రుక పట్టేంత.
చిన్న పనులన్నీ అక్కడే చేస్తారు ఎవరైనా,
కుట్టుమిషను పిన్నులు, తాళాల కడ్డీలు.
అవతలి కొస కొత్తగానే ఉంది,
పెద్ద పని ఎప్పుడో గానీ రాలేదు కాబట్టి.

"గుంట పూడ్చలేవా?"
పూడ్చలేను.
మిగతా ఇనుమంతా గుంట లోతుకి దిగాలి.
ఆ మాట అతనికి నచ్చలేదు.
అరిగిన జానెడు కోసం
అరగని రెండు మీటర్లని గోకడమేమిటని
రెండ్రోజులు షెడ్డు ముఖం చూడలేదు.
మూడోరోజు ముక్కాలి పీట తెచ్చుకున్నాడు.

నీలం పుయ్యి, రుద్దు, అంటిన చుక్కల్ని గోకు.
ఇరవై రెండు దఫాలు.
స్క్రేపర్ వెనక నా తుంటి ఎముక కమిలింది.
రాలింది మాత్రం పిడికెడు లేదు,
తుమ్మితే పోయేంత బూడిద.
బెడ్ దిగితే పైనున్నవీ దిగుతాయి కనక
టెయిల్‌స్టాక్ కింద రేకు పెట్టాను.

ఇక చేతిపిడి మార్చడానికి విప్పితే
అరుగుదల తప్పు పక్కన ఉంది.
బొటనవేలు ఆనిన పల్లం
పుర్రచేతివాటం మనిషిది.
బాలెండిన్ కాఫీ కప్పు వైపు చూశాను,
కుడిచేతిలో ఉంది.
"రాత్రి షిఫ్టు ఎవరిది?"
తుంపర రేకుల మీద చాలాసేపు పడింది.
"ప్రుడెన్," అన్నాడు.
ఇంకాసేపటికి, "పిడి మార్చకు."

మార్చలేదు.

మొదటి కోత ఒక ఉక్కు కడ్డీ మీద.
వెండిరంగు చుట్టలు, కాలిన నూనె వాసన.
రెండు కొసలా కొలిచాను:
సూది ఒక గీత కదిలింది.
ఒకే ఒక్క గీత.
బాలెండిన్ కళ్లద్దాలు నుదుటికి తోసి వంగి చూశాడు.
"అది కొత్తప్పుడూ ఉంది," అన్నాడు,
"వాడితో చాలాసార్లు గొడవపడ్డాను దానికోసం."